ఫైళ్ల నడుమ పుస్తకాలు

కొత్తగా చార్జి తీసుకున్న తహసీల్దారు తన దగ్గర పనిచేసే సిబ్బందిని తానే ఎంచుకోలేరు. పనిచేయని వారిని ఇంటికి పంపలేరు, పనిచేసే వారికి జీతం పెంచలేరు. ఖర్చుపెట్టకుండా మిగిల్చిన నిధులు మార్చి 31తో మురిగిపోతాయి. ఏం చేయాలో జీవో చెబుతుంది, ఎలా చేయాలో సర్క్యులర్ చెబుతుంది, అలాగే ఎందుకు చేశారని ఆడిట్ అడుగుతుంది. ఈలోగా బదిలీ వస్తుంది. ఇన్ని కట్ల నడుమ పదిమంది చేత పని చేయించి, ఆ పని గుమ్మం ముందు నిలబడ్డ మనిషికి అందేలా చూడటమే ప్రభుత్వ సేవలో నాయకత్వం. మండల పరిషత్తు నుంచి సచివాలయం దాకా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి ఆర్టీసీ డిపో దాకా, నలుగురి మీద అజమాయిషీ ఉన్న ప్రతి ఒక్కరిదీ ఇదే పరిస్థితి.

పుస్తకాల దుకాణంలో నాయకత్వం పేరుతో ఉన్న అరలో ఈ పరిస్థితికి పనికొచ్చేవి తక్కువ. అక్కడ కనిపించేవి ఎక్కువగా కంపెనీ అధిపతుల విజయగాథలు, ఏడు అలవాట్లు, పది సూత్రాలు. వాటిలో తప్పేమీ లేదు. కాకపోతే సరైన మనుషుల్ని బస్సు ఎక్కించుకుని సరిపడని వారిని దించేయాలన్న సలహా, నియామకాలన్నీ పబ్లిక్ సర్వీస్ కమిషన్ చేతిలో ఉన్నచోట ఎందుకూ కొరగాదు. ఆ సలహా ఇచ్చిన జిమ్ కాలిన్స్ కూడా తేడా గమనించి, సామాజిక రంగ సంస్థల కోసం 2005లో విడిగా ఒక చిన్న పుస్తకం వేశారు. తానే నిర్ణయించి తానే అమలు చేయగల అధికారం వేరు, నలుగురినీ ఒప్పించి నిర్ణయం పుట్టించే నేర్పు వేరు అన్నది అందులో ఆయన వాదన. ప్రభుత్వంలో పనికొచ్చేది రెండోదే.

ఈ తేడాకు మూలం ఎక్కడుందో చెప్పిన పుస్తకం మరొకటి ఉంది. అమెరికా రాజనీతి శాస్త్రవేత్త జేమ్స్ క్యూ విల్సన్ 1989లో ప్రచురించిన ‘బ్యూరోక్రసీ’ అది. ప్రభుత్వ సంస్థ తాను మిగిల్చిన సొమ్మును తాను ఉంచుకోలేదు. మనుషుల్నీ డబ్బునీ తనకు తోచిన చోటికి మళ్లించుకోలేదు. చేరాల్సిన లక్ష్యాలను తాను ఎంచుకోలేదు. కాబట్టి ప్రభుత్వ మేనేజరు చూపు సాధించాల్సిన పని మీద కంటే దాటకూడని గీతల మీదే ఉంటుందని విల్సన్ తేల్చాడు. అది అలసత్వం వల్ల వచ్చింది కాదు, ఆ ఉద్యోగం నిర్మాణమే అంత.

విల్సన్ పుస్తకంలో రోజూ పనికొచ్చే ముక్క ఇంకొకటి ఉంది. ఏ శాఖనైనా రెండు ప్రశ్నలతో చూడమంటాడు: కింది ఉద్యోగి చేస్తున్న పని పైవాడికి కనిపిస్తుందా, ఆ పని ఫలితం కనిపిస్తుందా? పన్నుల వసూలులో రెండూ కనిపిస్తాయి. యుద్ధం లేని కాలంలో సైన్యం కవాతు కనిపిస్తుంది, ఫలితం కనిపించదు. అడవిలో ఒంటరిగా తిరిగే రేంజరు ఎలా పనిచేశాడో కనిపించదు, అడవి మిగిలిందో లేదో కనిపిస్తుంది. తరగతి గదిలో ఉపాధ్యాయుడి విషయంలో రెండూ సరిగా కనిపించవు. ఇది అర్థమైన అధికారి అన్ని శాఖలకూ ఒకే రకం టార్గెట్లు, ఒకే రకం రోజువారీ నివేదికలు పెట్టడు. అర్థం కాని చోట ఏమవుతుందో బడిలో పాఠం ఆపి యాప్‌లో ఫొటోలు ఎక్కించే ఉపాధ్యాయులకు తెలుసు.

రాయలవారి అధికారులు

పాలనలో మనుషుల చేత పని చేయించడం గురించి ఈ నేల మీద రాసిన వాటిలో పాతది కౌటిల్యుడి అర్థశాస్త్రం. శతాబ్దాల పాటు పేరు మాత్రమే వినిపించిన ఈ గ్రంథం తాళపత్ర ప్రతి 1905లో మైసూరు ప్రాచ్య గ్రంథాలయంలో ఆర్. శామశాస్త్రి చేతికి వచ్చింది. 1909లో మూలం అచ్చయింది, 1915లో ఇంగ్లిషు అనువాదం వెలువడింది. పుల్లెల శ్రీరామచంద్రుడి తెలుగు అనువాదమూ ఉంది. పదిహేను అధికరణాల ఈ గ్రంథంలో గూఢచారుల గురించి, విషప్రయోగాల గురించి చదివి ఆగిపోయేవారే ఎక్కువ. పాలనాధికారి చదవాల్సింది రెండో అధికరణం, అధ్యక్షప్రచారం. గిడ్డంగికి, గనులకు, సుంకానికి, తూనికలకు, సేద్యానికి, నేతకు, చివరికి కల్లుసారాకు కూడా ఒక్కొక్క అధ్యక్షుణ్ని పెట్టి, ఎవరి పని ఏమిటో, ఎవరి లెక్క ఎలా చూడాలో అందులో వరసగా చెప్పారు. ఏటా లెక్కలు ఆషాఢంలో సమర్పించాలి. ప్రభుత్వ ధనం కాజేయడానికి నలభై దారులున్నాయంటూ ఆ నలభైనీ పేరు పేరునా లెక్కపెట్టారు. నీళ్లలో తిరిగే చేప ఎప్పుడు నీళ్లు తాగుతుందో తెలియనట్టే అధికారి ఎప్పుడు తింటాడో తెలియదన్న ప్రసిద్ధమైన పోలిక అక్కడిదే. ఏ కార్యాలయమూ ఒక్కరి చేతిలోనే ఎక్కువకాలం ఉండకూడదన్నదీ అక్కడే ఉంది. విజిలెన్సు అధికారికి ఇది ఇప్పటికీ కరదీపిక. అయితే అర్థశాస్త్రం ఉద్యోగిని అనుమానించడంతో మొదలవుతుంది. సిబ్బందిలో నమ్మకం ఎలా పెంచాలో అందులో వెతికితే దొరికేది తక్కువ.

ఆ వెలితిని కొంత పూరించేది తెలుగు ప్రబంధమే. శ్రీకృష్ణదేవరాయలు రాసిన ‘ఆముక్తమాల్యద’ నాలుగో ఆశ్వాసంలో యామునాచార్యుడు రాజ్యం విడిచి వెళ్తూ కొడుక్కి రాజనీతి చెబుతాడు. దాదాపు ఎనభై పద్యాలు. 1509 నుంచి 1529 దాకా విజయనగరాన్ని ఏలిన మనిషి, తన కింద పనిచేసినవారిని చూసి రాసిన పద్యాలివి. సింహాసనం మీద కూర్చుని పాలన గురించి ఇంత వివరంగా రాసిన కవులు ప్రపంచంలోనే అరుదు.

అందులో ఒక పద్యం ప్రతి జిల్లా అధికారీ చదవాల్సింది. కరవుతోనో పన్నుల బాధతోనో ఊరు విడిచి పోయిన రైతుల్ని వెనక్కి పిలిపించే ప్రయత్నం చేయకుండా, వాళ్ల పశువుల్నీ ధాన్యాన్నీ అమ్మేసి, ఇళ్ల కలప వంటచెరుకుకు పనికొస్తుందని చూసుకునే అధికారిని రాయలు యుద్ధభూమిలో తిరిగే నక్కతో పోల్చాడు. అలాంటివాడు ఉన్న రాజుకు సప్తద్వీపాలు చేతికొచ్చినా బాగుండదని తీర్పు చెప్పాడు. వసూలు లెక్క చూపించి మెప్పు పొందే అధికారి నిజానికి రాజ్యాన్ని తినేస్తున్నాడన్న సంగతి, అయిదు వందల ఏళ్ల కిందటే ఒక పాలకుడికి పట్టుబడింది. మరో పద్యంలో రాజ్య విస్తీర్ణం తక్కువైనా చెరువులూ కాలువలూ తవ్వించి, పేద రైతుకు పన్నులో సడలింపు ఇస్తే ధర్మమూ అర్థమూ రెండూ పెరుగుతాయంటాడు. పదోన్నతుల గురించిన మాట ఇంకా సూక్ష్మమైంది. సేవకుణ్ని ఒక్కసారిగా పైకెత్తి తర్వాత తగ్గిస్తే, తన పాత స్థితి మరచి పగ పడతాడు. కాబట్టి నడవడి గమనిస్తూ మెల్లమెల్లగా పెంచాలి. ఈ పద్యాలు విడిగా చదివితే కొరుకుడుపడవు. వేదం వేంకటరాయశాస్త్రి వ్యాఖ్య పక్కన పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు.

ఆ ప్రబంధం పుట్టిన ప్రాంతాల్లోనే మూడు శతాబ్దాల తర్వాత థామస్ మన్రో పనిచేశాడు. నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి దక్కిన దత్తమండలాలకు 1800 నుంచి 1807 దాకా ప్రధాన కలెక్టరు. అతని మినిట్స్‌నూ ఇతర అధికార పత్రాలనూ అర్బత్‌నాట్ 1881లో సంకలనం చేశాడు. ఊరూరా గుడారాలు వేసుకుని భూములు కొలిపించిన ఈ సైనికాధికారి పరాయి పాలకుడే, వసూలే అతని పని. కానీ 1807లో వెళ్లిపోయే ముందు, తాను వేయించిన పన్ను రేట్లే ఎక్కువని ఒప్పుకుని పావు వంతు తగ్గించాలని పైవారికి రాశాడు. అప్పుడు చెల్లలేదు. తర్వాత మద్రాసు గవర్నరై వచ్చాక ఆ పని జరిగింది. తన నిర్ణయాన్ని తానే తప్పుపడుతూ రాసే నోటు ఎలా ఉండాలో నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి నమూనా దొరకడం కష్టం. మన్రో 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయాడు.

ఆదేశం ఎవరిది?

ఆధునిక సిద్ధాంత గ్రంథాల్లో ముందుగా చెప్పుకోవాల్సిన పేరు మేరీ పార్కర్ ఫాలెట్. బోస్టన్‌లో బడి భవనాలను సాయంత్రాలు పేటవాసుల కేంద్రాలుగా మార్చే ఉద్యమంలో పనిచేసిన సామాజిక కార్యకర్త ఈమె. ఆదేశాలివ్వడం గురించి 1920లలో ఇచ్చిన ఉపన్యాసం ఇరవై పేజీలు కూడా ఉండదు. ఆదేశం అధికారి నోటి నుంచి కాక పరిస్థితి నుంచి రావాలన్నది ఆమె మాట. వరద వస్తున్నప్పుడు ఊరు ఖాళీ చేయించాలన్నది కలెక్టరు చెప్పారని కాదు, నది మట్టం చెబుతోంది కాబట్టి. పైవాడూ కిందివాడూ ఇద్దరూ కలిసి పరిస్థితిని చదివితే, ఆజ్ఞాపించినవాడూ లోబడినవాడూ అన్న తేడా చాలావరకు కరిగిపోతుంది. కిందివారి మీద అధికారం, వారితో కలిసి అధికారం అంటూ ఆమె చేసిన విభజన తర్వాత వందల పుస్తకాల్లోకి ఎక్కింది, చాలాచోట్ల ఆమె పేరు లేకుండానే.

చెస్టర్ బర్నార్డ్ 1938 నాటి ‘ఫంక్షన్స్ ఆఫ్ ది ఎగ్జిక్యూటివ్’లో ఇదే ఆలోచనను మరోవైపు నుంచి చెప్పాడు: అందుకున్నవాడు ఒప్పుకున్నప్పుడే ఆదేశానికి అధికారం వస్తుంది. పుస్తకం మాత్రం ముళ్లదారి. హెర్బర్ట్ సైమన్ ‘అడ్మినిస్ట్రేటివ్ బిహేవియర్’ (1947) కూడా తేలిక కాదు. కానీ దాని విత్తనం పడ్డ చోటు తెలిస్తే చదవాలనిపిస్తుంది. విద్యార్థిగా ఉండగా సైమన్ మిల్వాకీ నగరంలో ఆటస్థలాల నిర్వహణను చూడటానికి వెళ్లాడు. ఉన్న డబ్బులో మైదానాల బాగుకు ఎంత, ఆటలాడించేవారికి ఎంత అన్న దానిపై రెండు విభాగాలకు పడటం లేదు. పాఠ్యపుస్తకాల్లోని లెక్కలేవీ అక్కడ ఎవరూ వేయడం లేదు. ఎవరికి ఏది కళ్ల ముందుందో దాన్నిబట్టి నిర్ణయిస్తున్నారు. అత్యుత్తమమైనది వెతికే తీరిక ఎవరికీ ఉండదని, సరిపోతుందనిపించిన దగ్గర ఆగిపోతారని ఆయన తర్వాత సిద్ధాంతీకరించాడు. 1978లో నోబెల్ బహుమతి దాకా తీసుకెళ్లిన ఆలోచన మునిసిపల్ ఆటస్థలంలో మొదలైందన్నది మునిసిపల్ కమిషనర్లు గుర్తుంచుకోదగ్గ విషయం.

హార్వర్డ్ కెనడీ స్కూల్ నుంచి రెండేళ్ల వ్యవధిలో వచ్చిన రెండు పుస్తకాలు ఈ రంగానికి పునాదుల్లాంటివి. మార్క్ మూర్ ‘క్రియేటింగ్ పబ్లిక్ వాల్యూ’ (1995) ఒక చిన్న పట్టణ గ్రంథాలయాధికారి కథతో మొదలవుతుంది. బడి వదిలాక పిల్లలు గుంపులుగా గ్రంథాలయానికి వచ్చేస్తున్నారు. తల్లిదండ్రులు ఉద్యోగాలకు పోతారు, ఇంట్లో ఎవరూ ఉండరు. పుస్తకాలు చదవడానికి వచ్చే పెద్దలకు గోల. గ్రంథాలయం ఉన్నది పిల్లల్ని చూసుకోవడానికా? ఆమె నిబంధనలు బిగించవచ్చు, అదనపు బడ్జెట్ అడగవచ్చు, ఫీజు పెట్టవచ్చు, లేదా గదులు సర్ది ఆ పిల్లల కోసమే కార్యక్రమాలు నడపవచ్చు. ఇక్కడ మూర్ మూడు ప్రశ్నలు వేస్తాడు. ఇది ప్రజలకు విలువైన పనేనా? దీనికి పైవారి, ప్రజాప్రతినిధుల, ఊరి మద్దతు దొరుకుతుందా? ఉన్న సిబ్బందితో, సొమ్ముతో చేయగలమా? మూడింటికీ అవునన్న జవాబు వస్తేనే అడుగు వేయాలి. మొదటి ప్రశ్నకే సమాధానం చెప్పుకుని దూకి, ఆరు నెలల్లో బదిలీ అయిన ఉత్సాహవంతులు ఏ రాష్ట్రంలోనైనా కనిపిస్తారు. మూడోది ఒక్కటే చూసుకుని రిటైర్మెంట్ దాకా క్షేమంగా నెట్టుకొచ్చినవారూ తక్కువేమీ కాదు.

రొనాల్డ్ హైఫెట్జ్ ‘లీడర్‌షిప్ వితౌట్ ఈజీ ఆన్సర్స్’ (1994) రాసినవాడు మానసిక వైద్యుడు, చెల్లో వాయిద్యకారుడు కూడా. నిపుణుడు వచ్చి బాగుచేయగల సమస్య ఒక రకం. మనుషులు తమ అలవాట్లనూ ఆశల్నీ మార్చుకుంటే తప్ప తీరని సమస్య మరో రకం. రెండో రకానికి మొదటి రకం మందు వేయడమే నాయకత్వంలో పెద్ద పొరపాటని ఆయన వాదన. దీనికి ఆయన చూపిన ఉదాహరణ వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమా దగ్గరి రాగి కర్మాగారం. దాని పొగలో ఆర్సెనిక్ ఉంది, క్యాన్సర్ ముప్పు ఉంది. మూసేస్తే వందల కుటుంబాల జీవనాధారం పోతుంది. 1983లో పర్యావరణ రక్షణ సంస్థ అధిపతి విలియం రకెల్‌షాస్ తానే ఒక అంకె నిర్ణయించి చేతులు దులుపుకోలేదు. ఎంత ముప్పును ఎంత ఉపాధి కోసం భరించాలో ఆ ఊరివాళ్లే చర్చించాలని బహిరంగ సమావేశాలు పెట్టించాడు. నిర్ణయించాల్సినవాడు తప్పించుకుంటున్నాడని పత్రికలు దుమ్మెత్తిపోశాయి. మొదట్లో ఉద్యోగాలు అని కొందరు, ఆరోగ్యం అని కొందరు రాసిన బిళ్లలు చొక్కాలకు పెట్టుకుని వచ్చారు. చర్చలు సాగేకొద్దీ రెండూ కావాలన్న బిళ్లలు కనిపించసాగాయి. చివరికి రాగి ధర పడిపోయి కర్మాగారం 1985లో దానంతటదే మూతపడింది. అప్పటికి ఆ ఊరు కొత్త ఉపాధి గురించి ఆలోచించడం మొదలుపెట్టి ఉంది.

మన ప్రజాభిప్రాయ సేకరణలు గుర్తుకురాక మానవు. షామియానా, పోలీసు బందోబస్తు, ముందే రాసిపెట్టుకున్న మినిట్సు. హైఫెట్జ్ పుస్తకంలోని ఆ ఒక్క అధ్యాయం చదివినా, అలాంటి సభను వేరేగా నడపాలని కొందరికైనా అనిపించవచ్చు.

రోడ్డు దిగని జీపు

పై స్థాయి ఆలోచన ఎంత గొప్పదైనా ప్రజలకు అందేది కింది స్థాయి ఉద్యోగి చేతుల మీదుగానే. మైకేల్ లిప్‌స్కీ ‘స్ట్రీట్ లెవెల్ బ్యూరోక్రసీ’ (1980) ఈ సంగతిని సిద్ధాంతం చేసింది. పోలీసు, ఉపాధ్యాయుడు, సంక్షేమ గుమాస్తా తక్కువ సమయంలో ఎక్కువమందిని చూడాలి కాబట్టి ఎవరిని ముందు, ఎవరిని తర్వాత, ఎవరిని రేపు రమ్మనాలి అని తామే అడ్డదారులు ఏర్పరచుకుంటారు. ఆ అడ్డదారుల మొత్తమే జనం దృష్టిలో ప్రభుత్వ విధానం. తెలుగువారికి ఇది కొత్త కాదు. మద్యనిషేధం అనే మంచి ఉద్దేశం విశాఖ వీధుల్లోకి, పోలీసు స్టేషన్లలోకి, కోర్టు వరండాల్లోకి దిగేసరికి ఏ రూపమెత్తిందో రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’ లిప్‌స్కీ కంటే ముందే చెప్పాయి. చట్టం రాసేవారికీ అమలు చేసేవారికీ ఆ కథలు పాఠ్యపుస్తకంగా పెట్టదగ్గవి.

క్షేత్రానికి వెళ్లే అధికారుల కోసం రాసినట్టుండే పుస్తకం రాబర్ట్ ఛాంబర్స్ ‘రూరల్ డెవలప్‌మెంట్: పుటింగ్ ది లాస్ట్ ఫస్ట్’. 1983లో వచ్చింది. ఆఫ్రికాలో, తమిళనాడు ఉత్తర ఆర్కాటు పల్లెల్లో తిరిగిన పరిశోధకుడు ఆయన. హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలోనూ కొంతకాలం పనిచేశారు. పల్లెను చూడటానికి వెళ్లిన పెద్దమనిషికి పేదరికం ఎందుకు కనబడదన్నది మొదటి అధ్యాయం. జీపు తారురోడ్డు దిగదు కాబట్టి రోడ్డు వారనున్న ఇళ్లే కనిపిస్తాయి. పథకం అమలైన ఊరికే తీసుకెళ్తారు కాబట్టి పథకం లేని ఊరు కనబడదు. మాట్లాడేది సర్పంచి, పెద్దరైతు, చదువుకున్న మగవాళ్లు. వెనక నిలబడ్డ ఆడవాళ్లు, కూలికి పోయినవాళ్లు, మంచాన పడ్డవాళ్లు లెక్కలోకి రారు. తిరగడానికి వీలైన ఎండు నెలల్లోనే పర్యటనలుంటాయి. తిండిగింజలు నిండుకుని, జ్వరాలు ముదిరి, అప్పులు పుట్టని వానకాలంలో ఎవరూ వెళ్లరు. నొచ్చుకుంటారని మొహమాటం కొంత. చివరిది వృత్తి కళ్లజోడు: వ్యవసాయాధికారికి పంట, డాక్టరుకు రోగం, ఇంజినీరుకు కాలువ కనిపిస్తాయి, వీటన్నిటి మధ్య నలుగుతున్న ఒకే కుటుంబం ఎవరికీ కనిపించదు.

ఛాంబర్స్ కేవలం ఎత్తిపొడిచి ఊరుకోలేదు. రోడ్డుకు దూరంగా నడవండి, చెప్పకుండా వెళ్లండి, వానల్లో వెళ్లండి, రాత్రి ఉండండి, అడగనివారిని అడగండి అంటాడు. ఆగస్టులో ఒక్క ఏజెన్సీ గూడెంలో ఒక రాత్రి ఉన్న అధికారికి, ఆ తర్వాత సమీక్షా సమావేశంలో వచ్చే అంకెలు వేరేగా వినిపిస్తాయి.

జుడిత్ టెండ్లర్ ‘గుడ్ గవర్నమెంట్ ఇన్ ది ట్రాపిక్స్’ (1997) దీనికి జంట. ప్రభుత్వం ఎక్కడ చెడిందో రాసేవారు వేలమంది. ఎక్కడ బాగా పనిచేసిందో, ఎందుకు చేసిందో వెతికినవారు కొద్దిమంది. బ్రెజిల్‌లో పేద రాష్ట్రమైన సియరాలో 1987 కరవు సహాయంలో భాగంగా, ఆరోగ్య కార్యకర్తలుగా ఊరి స్త్రీలను పెద్ద సంఖ్యలో తీసుకున్నారు. కొద్దిపాటి జీతం, కొద్దిపాటి శిక్షణ. అయినా శిశుమరణాలు బాగా తగ్గాయి. టెండ్లర్ చూపిన కారణాలు చిన్నవిగా కనిపిస్తాయి. ఎంపికను ఊరందరి ముందు గౌరవంగా జరిపారు. ఎంపిక కానివారితో, అయినవారు సరిగా పనిచేస్తున్నారో లేదో మీరే కనిపెట్టి ఉండండి అన్నారు. ఆ ఉద్యోగానికి ఒక పేరు, ఒక హోదా వచ్చేలా ప్రచారం చేశారు. పర్యవేక్షణ ఊరి కళ్లకు అప్పగించి, గుర్తింపును మాత్రం రాష్ట్రం తన చేతిలో ఉంచుకుంది. ఆశా, అంగన్‌వాడీ వ్యవస్థలు నడిపేవారు ముందుగా చదవాల్సిన అధ్యాయం ఇది.

చేసినవారి నోటి మాట

స్వీయచరిత్రల్లో ఒక లోపం సహజం. రాసినవాడు ఎప్పుడూ రైటే, అడ్డుపడినవాడు ఎప్పుడూ తప్పే. ఆ పక్షపాతాన్ని కాస్త తీసేసి చదివితే మిగిలేది చాలా ఉంటుంది.

మోక్షగుండం విశ్వేశ్వరయ్య ‘మెమాయిర్స్ ఆఫ్ మై వర్కింగ్ లైఫ్’ (1951) శైలిలో ఇంజినీరు రిపోర్టులా పొడిగా ఉంటుంది. అదే దాని బలం. 1908 సెప్టెంబరులో మూసీ హైదరాబాద్‌ను ముంచెత్తాక నిజాం ప్రభుత్వం ఆయన్ను పిలిపించింది. నగరానికి గోడలు కట్టడం కాకుండా, ఎగువన మూసీ మీదా ఈసీ మీదా నీటిని ఆపే జలాశయాలు కట్టాలని ఆయన సూచన. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ ఆలోచనకు వచ్చిన రూపాలు. సమస్య కనిపించిన చోట కాక పుట్టిన చోట పట్టుకోవడం ఆ పుస్తకమంతా కనిపిస్తుంది. తెలుగు ఇంజినీరు కె.ఎల్. రావు ‘ది క్యూసెక్స్ క్యాండిడేట్’ దాని పక్కన పెట్టుకోదగ్గది.

వర్గీస్ కురియన్ ‘ఐ టూ హ్యాడ్ ఎ డ్రీమ్’ (2005) మాత్రం కబుర్లాడుతున్నట్టు సాగుతుంది. ప్రభుత్వ స్కాలర్‌షిప్పుకు రాసిచ్చిన బాండు తీర్చుకోవడానికి 1949లో ఇష్టం లేకుండా ఆనంద్‌లో దిగిన యువకుడు, అక్కడే జీవితం గడిపేశాడు. ముందు నుంచి పాడి రైతుల్ని సహకార సంఘంగా కూడగట్టిన త్రిభువన్‌దాస్ పటేల్, గేదెపాలతో పొడి చేయవచ్చని చూపిన దలాయా, యంత్రాంగం నడిపిన కురియన్: ఈ ముగ్గురి పొత్తే అసలు కథ. జాతీయ పాడి అభివృద్ధి మండలి 1965లో ఏర్పడినప్పుడు దాన్ని ఢిల్లీలో కాక ఆనంద్‌లోనే పెట్టాలని ఆయన పట్టుపట్టి సాధించాడు. ఢిల్లీ మీద ఆయన విసుర్లు చదవడానికి సరదాగా ఉంటాయి, అనుకరిస్తే చార్జిమెమో ఖాయం. ఆయన వెనక సహకార సంఘం ఉంది కాబట్టి చెల్లింది. ఇ. శ్రీధరన్ జీవితం మీద ఎం.ఎస్. అశోకన్ మలయాళంలో రాసిన ‘కర్మయోగి’ ఇంగ్లిషులోనూ దొరుకుతుంది. 1964 తుపానులో కొట్టుకుపోయిన పాంబన్ వంతెనను 46 రోజుల్లో నిలబెట్టడం, గడువుకు ఇంకా ఎన్ని రోజులుందో చూపే గడియారాలను నిర్మాణ స్థలాల్లో పెట్టించడం అందరికీ తెలిసిన విశేషాలే. ఆయన కట్టించిన కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో రెండూ మామూలు శాఖల వెలుపల ప్రత్యేక సంస్థలుగా ఏర్పడ్డాయన్న సంగతిని మాత్రం పొగిడేవారు తరచూ మరచిపోతారు.

తెలుగు పాలనాధికారులు రాసినవీ తక్కువేమీ లేవు. పి.వి.ఆర్.కె. ప్రసాద్ తిరుమల అనుభవాల ‘నాహం కర్తా హరిః కర్తా’ను చాలామంది భక్తి పుస్తకంగా చదివారు. వంశపారంపర్య హక్కులు, రాజకీయ ఒత్తిళ్లు, లక్షల భక్తుల రద్దీ ఒకేచోట కలిసిన సంస్థను నడపడం గురించిన పుస్తకంగా మరోసారి చదవవచ్చు. మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా ‘మోహన మకరందం’ తెలుగులోనే ఉంది. కాకి మాధవరావు ‘బ్రేకింగ్ బ్యారియర్స్’ దళితుడిగా పుట్టి ప్రధాన కార్యదర్శి పదవి దాకా సాగిన ప్రయాణం. కార్యాలయంలో కులం ఎలా పనిచేస్తుందో నాయకత్వ గ్రంథాలేవీ చెప్పవు. అందుకే ఇది అవసరం. రిజర్వు బ్యాంకు గవర్నర్లుగా చేసిన తెలుగువారిలో వై.వి. రెడ్డి ‘అడ్వైస్ అండ్ డిసెంట్’ (2017) పైవారికి కాదని చెప్పడం ఎలాగో చూపిస్తుంది. దువ్వూరి సుబ్బారావు ‘జస్ట్ ఎ మెర్సినరీ?’ (2024) పార్వతీపురం సబ్‌కలెక్టరుగా చేసిన పొరపాట్లను కూడా దాచకుండా రాసినందుకు ప్రత్యేకం.

వీటన్నిటికీ విరుగుడుగా చదవాల్సింది రాబర్ట్ కారో ‘ది పవర్ బ్రోకర్’ (1974). పన్నెండు వందల పేజీలు దాటిన ఈ పుస్తకం న్యూయార్క్‌ను నాలుగు దశాబ్దాలు శాసించిన రాబర్ట్ మోజెస్ కథ. ప్రతిభను బట్టి ఉద్యోగాలివ్వాలని పోరాడి ఓడిపోయిన ఆదర్శ యువకుడు, ఒక్క ఎన్నికా గెలవకుండా, చట్టాల ముసాయిదాలు రాసే నేర్పుతో, వంతెన టోలు సొమ్ముతో మేయర్లను మించిన అధికారం కూడబెట్టాడు. పార్కులు కట్టాడు, వంతెనలు కట్టాడు, అన్నీ గడువులోగానే. అందులో ఒక్క మైలు రహదారి కోసం 1,530 కుటుంబాల ఇళ్లు పోయిన అధ్యాయం ఉంది. పక్క దారి ఉందని చూపించినా ఆయన వినలేదు. పని చేసి చూపించే సమర్థతనే నాయకత్వమనుకునేవారిని ఈ పుస్తకం ఇబ్బంది పెడుతుంది.

నివేదికలు, ఒక నవల

రెండో పాలనా సంస్కరణల సంఘం 2005లో వీరప్ప మొయిలీ అధ్యక్షతన ఏర్పడి పదిహేను నివేదికలిచ్చింది. లోక్‌సత్తా జయప్రకాశ్ నారాయణ అందులో సభ్యులు. పాలనలో నైతికత మీద నాలుగోది, సిబ్బంది వ్యవహారాల మీద పదోది, పౌరుడు కేంద్రంగా పాలన మీద పన్నెండోది చదవదగ్గవి. అన్నీ ప్రభుత్వ వెబ్‌సైటులో ఉచితం. పోటీ పరీక్షలకు చదివేవారు వీటిని బట్టీ పడతారు. ఉద్యోగం వచ్చాక మళ్లీ తెరిచేవారు అరుదు. నిజానికి అర్థమయ్యేది అప్పుడే.

నవలల్లో ఒక్కటి తప్పదు. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వంలో అధికారిగా పనిచేస్తూనే శ్రీలాల్ శుక్ల 1968లో హిందీలో రాసిన ‘రాగ్ దర్బారీ’. సాహిత్య అకాడమీ బహుమతి పొందింది. శివపాల్‌గంజ్‌లో లంగడ్ అనే కుంటివాడికి తహసీలు కార్యాలయం నుంచి ఒక కాగితం నకలు కావాలి. లంచం ఇవ్వనని అతడి పంతం, తీసుకోకుండా నిబంధన ప్రకారమే ఇస్తానని గుమాస్తా పంతం. దరఖాస్తులో ఒకసారి ఒక లోపం, మరోసారి మరొకటి. నవల పొడుగునా అతడు తిరుగుతూనే ఉంటాడు. ఎవరూ నిబంధన తప్పరు, నకలు మాత్రం రాదు. సోమవారం ప్రజావాణిలో అర్జీలు తీసుకునే అధికారి ఎదుట నిలబడే వరుసలో ఒక లంగడ్ తప్పకుండా ఉంటాడు.

ఇన్ని పుస్తకాలు చదివే తీరిక ఉద్యోగంలో ఉన్నవారికి దొరకదు. రెండే ఎంచుకోమంటే, ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలోని రాజనీతి పద్యాలు, ఛాంబర్స్ పుస్తకంలో మొదటి అధ్యాయం. వ్యాఖ్య పక్కన ఉంటే రెండూ కలిపి ఒక్క ఆదివారం పని.